ఫిల్లింగ్‌ను తేల్చేది తడే

చెంపకీ చిగురుకీ మధ్య దూది చుట్టలు దూర్చి, నాలుక పక్కన ఉమ్ము పీల్చే గొట్టం తగిలించడం చూస్తే అదేదో పైపై ఏర్పాటులా ఉంటుంది. పుచ్చు పన్నులో ఏ ఫిల్లింగ్ పెట్టాలో సగం అక్కడే తేలిపోతుంది. ఆ పన్నుకి కాసేపు బొత్తిగా తడి తగలకుండా ఆపగలమా? నమిలే బరువు దాని మీద ఎంత పడుతుంది? తొలిచేశాక చుట్టూ గోడ ఎంత మిగిలింది? ఈ మూడూ తెలియకుండా ‘ఏది ఎక్కువ మన్నుతుంది’ అని అడిగితే సూటి జవాబు ఉండదు.

పంటి రంగు కాంపోజిట్‌కి తడి అంటే అసలు పడదు. ఇది రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి జిగురులో సన్నటి గాజు రేణువులు కలిపిన ముద్ద. పంటి గట్టి పైపొర ఎనామెల్‌ను ఆమ్లంతో గరుకు చేస్తే రెసిన్ గట్టిగా పట్టుకుంటుందని 1955లో మైకేల్ బ్యూనోకోర్ చూపించాడు. నేటికీ పని జరిగేది ఆ దారిలోనే. సుమారు 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లపు జెల్‌ను ఎనామెల్ మీద 15 సెకన్లు లేదా కాస్త ఎక్కువసేపు ఉంచి, కడిగి, ఆరబెడతారు. మెరుపు పోయి సుద్దముక్కలా తెల్లబడుతుంది. ఆ తెలుపంతా కంటికి ఆనని గుంటలే. జిగురు రెసిన్ వాటిలోకి దిగి గడ్డకడుతుంది. సరిగ్గా అప్పుడే ఉమ్ము తగిలిందా, అందులోని ప్రోటీన్లు గుంటల్ని కప్పేస్తాయి. మళ్ళీ కడిగి మళ్ళీ ఆమ్లం పెట్టాలి. ఊరికే తుడిచి ముందుకెళ్తే ఆరోజుకి ఫిల్లింగ్ ముచ్చటగానే ఉంటుంది, కొన్నాళ్ళకి అంచున గోధుమరంగు గీత తేలుతుంది. ఎనామెల్ కింది పొర డెంటిన్‌ది ఇంకో పేచీ. ఆమ్లం పెట్టాక దాన్ని ఎనామెల్ లాగా పూర్తిగా ఎండబెడితే అందులోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పీచు కుంగిపోయి రెసిన్ లోపలికి దిగదు.

రెండో చిక్కు కుంచించుకోవడం. నీలి కాంతికి గట్టిపడేటప్పుడు ఈ ముద్ద పరిమాణం 2–3 శాతం తగ్గి, గోడల్ని లోపలికి లాగుతుంది. అందుకే మామూలు రకాన్ని 2 మి.మీ. మించని పొరలుగా వేసి, ఒక్కో పొరకీ దీపం పెడతారు. మందంగా వేసేందుకే చేసిన బల్క్ ఫిల్ రకాలు 4 మి.మీ. వరకు ఒప్పుకుంటాయి. తొందరపడి మందంగా కుక్కితే పైన రాయిలా ఉండి అడుగున ఉడకని పిండిలా మిగిలిపోతుంది. ఇంకో మాట: అంతకుముందు లవంగ నూనె వాసన వచ్చే తాత్కాలిక ఫిల్లింగ్ వేసి ఉంటే దాని మడ్డి పూర్తిగా పోవాలి. అందులోని యూజెనాల్ రెసిన్‌ను సరిగా గట్టిపడనివ్వదు.

పుచ్చు చిగురు కిందికి, వేరు మీదికి దిగిపోతే అక్కడ ఎనామెల్ ఉండదు, చిగురు నుంచి ఊట ఆగదు. ఇలాంటి చోట గ్లాస్ ఐయనోమర్ నయం. వాడుకలో సిమెంట్ ఫిల్లింగ్ అనేది చాలాసార్లు ఇదే. పంటిలోని కాల్షియంతో రసాయనికంగా అతుక్కుంటుంది, ఫ్లోరైడ్‌ను మెల్లగా వదులుతుంది. కాస్త చెమ్మను ఓర్చుకుంటుంది కానీ మొదటి గంటల్లో ఎక్కువ తడి తగిలినా, బాగా ఎండినా పాడవుతుంది. అందుకే పైన వార్నిష్ పూస్తారు. ఆ రోజంతా అటువైపు నమలకపోవడం మంచిది. దీని బలహీనత విరగడం, అరగడం. దవడ పన్ను నమిలే ముఖం మీద పెద్ద గుంటకి శాశ్వతంగా ఇదే వేస్తామంటే ఒప్పుకోకండి. పాలపళ్ళకి, వేరు దగ్గరి పుచ్చులకి ఇది చాలు.

వెండి ఫిల్లింగ్, అంటే అమాల్గమ్, తడికి అన్నిటికంటే తక్కువ బెదురుతుంది. బరువులో సుమారు సగం పాదరసం, మిగతాది ప్రధానంగా వెండి, తగరం, రాగి. దానంతటది పంటికి అతుక్కోదు. లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా తొలిస్తేనే నిలుస్తుంది, దానికోసం కొంత మంచి పన్నూ పోతుంది. ఇందులో పాదరసం ఉండటంతో పాదరసంపై దేశాలు చేసుకున్న 2013 నాటి మినమాటా ఒప్పందం దీని వాడకం తగ్గించమంది, యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి చాలావరకు ఆపేసింది. అలాగని నోట్లో బాగున్న పాత వెండి ఫిల్లింగ్‌ను రంగు నచ్చక పీకించుకోవడం తెలివైన పని కాదు. తొలిచేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువగా లేస్తుంది, పన్నూ ఇంకాస్త తరుగుతుంది.

గోడ పలచబడి, పంటి శిఖరం (నమిలే ముఖం మీది మొన) కింద ఆధారం పోయిందంటే ఏ ముద్దతోనూ పని జరగదు. అప్పుడు ఆన్‌లేనో (బయట తయారుచేసి పంటి మీద అతికించే ముక్క), క్యాపో (పన్నంతా కప్పే తొడుగు).

రెండు పళ్ళ మధ్య పుచ్చుకి పదార్థం కంటే లోహపు పట్టీ ముఖ్యం. పట్టీ చుట్టి, అడుగున చెక్క మేకు దూర్చి, పక్క పన్నుని ఆనుకునేలా ఫిల్లింగ్ కట్టాలి. పూర్తయ్యాక ఫ్లాస్ దారం లాగి చూడండి: ‘టక్’మని దిగాలి, చిరగకుండా రావాలి. వదులుగా జారితే ప్రతి భోజనానికీ తిండి అక్కడే ఇరుక్కుంటుంది.

మత్తు దిగాక చల్లటి నీళ్ళకి కొన్నాళ్ళు జివ్వుమనడం మామూలే. కొరికినప్పుడు ఒక్క చోటే నొప్పి పుడుతుంటే ఫిల్లింగ్ ఎత్తుగా ఉన్నట్టు. రంగు కాగితం కొరికించి, మచ్చ పడినచోట కాస్త అరగదీస్తే చాలాసార్లు నిమిషాల్లో తేలిపోతుంది. చల్లదనం పోయాక కూడా సలుపు నిమిషాల తరబడి ఉంటే, రాత్రి నిద్ర లేపుతుంటే మాత్రం ఇబ్బంది ఫిల్లింగ్‌ది కాదు, నరానిది.