ముక్కోణపు చెక్కకు కంచె

అంబాజీపేట

మనవడికీ, మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీరు అడిగిన లెక్క నా మనసులోనే తిరుగుతోంది. త్రిభుజం భుజాలు 3:5:6 నిష్పత్తిలో ఉన్నాయి, చుట్టుకొలత 84 మీటర్లు, భుజాలు ఎంతెంత అన్నారు. 3, 5, 6 మీటర్లని అనుకోబట్టే మీకు చిక్కు వచ్చింది. అవి పాళ్లు. తాపీమేస్త్రీ ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుక వేయమంటాడు. తట్టతో కొలిచినా, బస్తాతో కొలిచినా ఆ మాట చెల్లుతుంది. కాబట్టి ముందు ఒక్క పాలు ఎంతో తేల్చాలి. మొత్తం 14 పాళ్లు, 84ను 14తో భాగిస్తే 6. భుజాలు 18, 30, 36 మీటర్లు.

మన తోటలో కాలువ గట్టును ఆనుకుని ముక్కోణపు నేల చెక్క ఉంది కదా, దానికి కంచె వేయించాలని వెళ్లాను. రోడ్డు వైపు టేపు పట్టాను, 48 మీటర్లు వచ్చింది. మిగతా రెండు వైపులా ముళ్లతుప్పలు, అడుగు పెట్టే వీలు లేదు. ఇంటికొచ్చి సర్వే పటం తీసి స్కేలుతో కొలిచాను. రోడ్డు వైపు గీత 4 సెంటీమీటర్లు, మిగతావి 5, 6. కాగితం మీది త్రిభుజం, నేల మీది త్రిభుజం సరూపాలు, అంటే ఆకారం ఒకటే, పరిమాణమే వేరు. ఒక భుజం ఎన్ని రెట్లు పెరిగితే చుట్టుకొలతా అన్ని రెట్లే పెరుగుతుంది. 4 సెంటీమీటర్లకు 48 మీటర్లంటే ఒక సెంటీమీటరుకు 12. కాగితం మీద చుట్టుకొలత 15, నేల మీద 180 మీటర్లు. మూడు వరసల తీగకు 540 మీటర్లు కొనాలి. తుప్పల్లోకి దిగకుండానే తేలిపోయింది, నాకెంత సంతోషం కలిగిందో!

ఒక్క జాగ్రత్త. వైశాల్యానికి ఈ 12 పనికిరాదు. పటం మీద ఒక చదరపు సెంటీమీటరు నేల మీద 12 పన్నెండ్లు, అంటే 144 చదరపు మీటర్లు. పెద్దవాళ్లూ ఇక్కడ పొరబడతారు.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలి, మూడో వైపున సముద్రంతో మన కోనసీమను ముక్కోణంగా చుట్టింది. పటం చిన్నదైనా పెద్దదైనా ఆ ఆకారం మారదు, అందుకూ ఈ నిష్పత్తే కారణం.

ఇక మీ వంతు. 3:4:7 నిష్పత్తిలో, 140 మీటర్ల చుట్టుకొలతతో ఒక చెక్క గీసి పంపండి. భుజాలు 30, 40, 70 అని వెంటనే వస్తుంది. స్కేలు, వృత్తలేఖిని పట్టుకుని గీయబోతే ఏమైందో నాకు రాయండి.

మీ తాతయ్య