ఇంకో విస్తరి వేయండి

అమ్మలూ, చిన్నబాబూ,

మొన్న ఫోనులో అమ్మలు ఒక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, నా స్నేహితురాలి వాళ్లు మౌంటెన్ హౌస్‌కి వెళ్లిపోయారు. ఫ్రీమాంట్‌లో ఇల్లు కొనలేరట. మన వీధిలో అందరి పెరళ్లూ ఖాళీగానే ఉన్నాయి కదా, అక్కడ ఇంకో ఇల్లు కట్టకూడదా?" అని. ఆ అమ్మాయి నాన్న ఇప్పుడు ఆ దూరపు ఊరి నుంచి రోజూ ఆల్టమాంట్ కొండ దాటి ఉద్యోగానికి వస్తున్నాడట. ఇది ఫోనులో తేలే సంగతి కాదు. అందుకే ఈ ఉత్తరం. చదవడం కష్టమైతే అమ్మ చేత చదివించుకోండి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు మనవాళ్లు. నేను పెళ్లి భోజనాల మీదుగా ఇళ్ల దగ్గరకు వస్తాను.

మా చిన్నప్పుడు పెళ్లంటే పందిట్లో నేల మీద బంతి భోజనాలు. అడ్డాకుల విస్తళ్లు పరిచే పని పిల్లలది. కట్ట చంకన పెట్టుకుని ఒక్కొక్కటే వేస్తూ పోయేవాణ్ణి. ముందుగా వచ్చిన పెద్దమనుషులు బాసింపట్లు వేసుకుని విశాలంగా కూర్చునేవారు. ఇద్దరి మధ్య ఇంకో విస్తరి వేయబోతే, "ఇక్కడ చోటెక్కడిదిరా? గాలాడదు, అటు పో" అని కసిరేవారు. పందిరి బయట ఎండలో నిలబడినవాళ్లకు గుత్తి వంకాయ వాసన మాత్రం దక్కేది. అప్పుడు మా మేనమామ వచ్చేవాడు. "బాబాయిగారూ, కాస్త సర్దుకోండి" అంటే చాలు, గొణుక్కుంటూనైనా జరిగేవారు. ఇక నేనా, ఎప్పుడూ వంటశాల దారి పక్కనే కూర్చునేవాణ్ణి. బూరెల పళ్లెం మొదట అటే వచ్చేది మరి! సరే, బూరెల మాట అలా ఉంచుదాం.

మీ కాలిఫోర్నియాలో ఏ స్థలంలో ఎన్ని ఇళ్లుండాలో చాలాకాలంగా ఏ ఊరికి ఆ ఊరే నిర్ణయించుకునేది. ఎవరిని అడిగి? ముందే కూర్చున్నవాళ్లను అడిగి. 1916లో బర్క్లీ నగరం కొన్ని వీధుల్లో స్థలానికి ఒక్క ఇల్లే ఉండాలని నియమం పెట్టింది. నల్లవాళ్లనూ ఆసియావాళ్లనూ దూరంగా ఉంచాలన్న ఆలోచన కూడా దాని వెనుక ఉంది. ఆసియావాళ్లంటే మనమూ వస్తామర్రా! ఆ నియమానికి స్వస్తి చెప్పాలని ఆ నగరమే 2021లో తీర్మానించింది. ఈలోగా అలాంటి నియమాలు ఊరూరా పాకాయి.

ఇక్కడ మేనమామ పాత్ర రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలోని చట్టసభది. రాబోయేవాళ్లకు చోటెక్కడో చూపుతూ ప్రతి ఊరూ ప్రణాళిక రాయాలని 1969లోనే చట్టం చేసింది. ఊళ్లు రాశాయి. విస్తళ్లన్నీ కాగితం మీదే వేశాయి!

2016 నుంచి మామ గొంతు పెరిగింది. పెరట్లో చిన్న ఇల్లు కట్టుకుంటామంటే ఊరు అడ్డుపడకూడదని వరుసగా చట్టాలు వచ్చాయి. మీ అమ్మానాన్నలు ఏడీయూ అంటుంటారే, అదే. రెండు పెద్ద విస్తళ్ల నడుమ చిన్న ఆకు. 2016లో రాష్ట్రమంతటా వెయ్యి పైచిలుకు అనుమతులిస్తే, 2022లో అవి 20 వేలు దాటాయి. కార్ల గొడవ ఇంకొకటి. కొత్తగా విస్తరి వేసుకునేవాడు చెప్పులు విడవడానికి కూడా చోటు చూపాలన్నట్టు, ఇల్లు కడితే కారు నిలిపే చోటు తప్పనిసరి అనేవి ఊళ్లు. ముఖ్యమైన రైలు స్టేషన్లకు అర మైలు లోపల ఆ పట్టు పట్టకూడదని 2022లో మరో చట్టం వచ్చింది.

అన్ని చట్టాలూ అలా పండలేదు. 2021లో ఎస్‌బీ 9 అని ఒకటి వచ్చింది. ఒక ఇంటి స్థలాన్ని రెండుగా చీల్చి, ఒక్కో ముక్కలో రెండేసి ఇళ్లు కట్టుకోవచ్చంది. ఊళ్లకు ఊళ్లే గగ్గోలు పెట్టాయి. తీరా చూస్తే వాడుకున్నవాళ్లు చాలా కొద్దిమంది. స్థలం చీల్చుకునేవాడు మూడేళ్లు అక్కడే ఉంటానని ప్రమాణపత్రం రాయాలి. ఆపైన కలప, కూలీలు, బ్యాంకు వడ్డీ, ఊరికి కట్టే రుసుములు. విస్తరి వేసినంత మాత్రాన అన్నం ఉడకదు కదా.

మరి ధరలు తగ్గాయా? లేదు. రాష్ట్రంలో అమ్ముడైన ఇళ్లను ధర వరుసన నిలబెడితే సరిగ్గా నడుమ నిలిచే ఇంటి ధర 2024లో 9 లక్షల డాలర్లు దాటింది. దశాబ్దాల తరబడి ఎండలో నిలబెట్టిన జనం ఒక్క బంతితో తీరిపోతారా? ఇంకో చిక్కు కూడా ఉంది. పెళ్లిలో విస్తరికి ధర ఉండదు, ఇక్కడ ఉంది. విస్తళ్లు తక్కువైనకొద్దీ కూర్చున్నవాడి విస్తరి విలువ పెరుగుతుంది. ఇక ఎందుకు జరుగుతాడు? మీ నాన్న కూడా కూర్చున్నవాడే. ఈ వాక్యం ఆయనకు గట్టిగా చదివి వినిపించి, నవ్వాడో ముఖం ముడుచుకున్నాడో నాకు చెప్పండి.

2025 అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ ఎస్‌బీ 79 అనే ఇంకో చట్టం మీద సంతకం చేశారు. రైలు స్టేషన్ల చుట్టుపక్కల ఎత్తైన అపార్ట్‌మెంట్లకు చోటివ్వాలంటుంది. అమలు తేదీ 2026 జులై 1. మీ ఊరున్న అలమీడా కౌంటీ కూడా దాని కిందికే వస్తుంది. ఏమవుతుందో నేనిక్కడి నుంచి ఊహించడం కంటే, బార్ట్ రైలు స్టేషన్ పక్కనే ఉన్న మీరు చూడడం మేలు.

వీలైతే నాన్నతో కలిసి ఒకసారి నగర మండలి సమావేశానికి వెళ్లండి. ఎవరైనా వెళ్లవచ్చు. కొత్త ఇళ్ల మాట రాగానే ఎవరెవరు లేచి మాట్లాడుతున్నారో గమనించండి. ఆ ఇళ్లలోకి రాబోయేవాళ్లు అక్కడ ఉండరు. వాళ్లు ఆ వేళకు కొండకు అవతల, కారులో ఉంటారు.

ఈలోగా శనివారం సైకిళ్ల మీద మీ వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి తిరగండి. ఒకే ఇంటి ముందు రెండు తపాలా పెట్టెలున్నాయా? ఇంటి నంబరు పక్కన ఏ, బి అక్షరాలున్నాయా? పక్కనుంచి పెరట్లోకి కొత్తగా సన్నని దారి వేశారా? కనిపించిన చోటల్లా గుర్తు పెట్టి, వీధి బొమ్మ గీసి నాకు పంపండి. రంగులు వేయడం చిన్నబాబు వంతు.

మీ తాతయ్య