పైథాన్‌లో లిస్టు, మధ్యలో కామా: ఇన్ని దారులు ఎలా వచ్చాయి?

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వైపు శిక్షణ కేంద్రాల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టిన తెలుగు పిల్లలను ఒక చిన్న లెక్క తికమక పెడుతుంది. హిందూపురం, ధర్మవరం, అనంతపురం అని ఊళ్ల లిస్టు ఇస్తారు. కామాలతో ఒకే వరుసలో ముద్రించాలి, చివరి ఊరి తర్వాత కామా మిగలకూడదు. ఒకరు ముక్కలను కలిపి ఒకే స్ట్రింగ్ (అక్షరాల వరుస) చేసే జాయిన్ వాడమంటారు, ఇంకొకరు ముద్రించే ప్రింట్‌లోనే విభజన గుర్తు చెప్పడానికి సెప్ ఉందంటారు, మరొకరు ఊళ్లను ఒక్కొక్కటిగా తీసుకునే ఫర్ లూప్ తిప్పి చివరి కామాను ఇఫ్ షరతుతో ఆపుతారు. ఇవన్నీ ఒకే కాలంలో పుట్టినవి కావు.

గీడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన తొలి పైథాన్‌లో ప్రింట్ ఫంక్షన్ (కుండలీకరణాల్లో విలువలిచ్చి పిలిచేది) కాదు, ఇఫ్, ఫర్‌ల లాగే ఒక స్టేట్‌మెంట్ (భాషలోనే ఉన్న ఆదేశం). విలువల మధ్య కామా పెడితే ముద్రణలో ఒక ఖాళీ వచ్చేది. ఖాళీకి బదులు ఇంకేదైనా కావాలంటే ప్రింట్ చేతిలో లేదు. ప్రింట్ ఆదేశం చివర కామా పెడితే మాత్రం కొత్త వరుసకు పోకుండా ఆగేది.

అందుకే జనం జాయిన్‌ను ఆశ్రయించారు. మొదట అది స్ట్రింగ్ అనే మాడ్యూల్‌లో (విడిగా తెచ్చుకునే కోడ్‌లో) ఫంక్షన్‌గా ఉండేది: ముందు లిస్టు, తర్వాత విభజన గుర్తు. 2000లో వచ్చిన పైథాన్ 2.0 నాటికి అది స్ట్రింగ్‌కే మెథడ్ (చుక్క పెట్టి పిలిచే ఫంక్షన్) అయింది. దాంతో ", ".జాయిన్(ఊళ్లు) అని రాయాల్సి వచ్చింది. లిస్టును కదా అడగాలి, కామాను అడగడమేమిటని అప్పుడూ విసుక్కున్నారు, ఇప్పుడూ విసుక్కుంటున్నారు. కానీ కలపాల్సినవి లిస్టులోనే ఉంటాయన్న నియమం లేదు. టపుల్ (మార్చలేని లిస్టు లాంటిది), సెట్ (ఒకే విలువ రెండోసారి ఉండని గుంపు), ఫైలులోని వరుసలు, జనరేటర్ (విలువలను ఒక్కొక్కటిగా అందించేది) ఏదైనా కావచ్చు. వాటన్నింటికీ విడివిడిగా జాయిన్ రాయడం కంటే, ఎప్పుడూ స్ట్రింగే అయిన విభజన గుర్తుకు అప్పగించడం మేలు. చూపుకు తలకిందులుగా ఉన్నా, నా మటుకు ఇదే సరైన నిర్ణయం. అయితే జాయిన్ అంకెలను ఒప్పుకోదు. లిస్టులో ఒక్క పూర్ణాంకం ఉన్నా టైప్ ఎర్రర్ (విలువ రకం సరిపోలేదన్న తప్పు) ఇస్తుంది. ముందే అన్నింటినీ స్ట్రింగ్‌గా మార్చుకోవాలి.

ప్రింట్‌ను ఫంక్షన్‌గా మార్చాలని గేయోర్గ్ బ్రాండ్ల్ 2006లో పెప్ 3105 (పైథాన్‌లో మార్పు కోరే పత్రం) రాశారు. 2008 డిసెంబర్ 3న పైథాన్ 3.0తో అది అమలైంది. సెప్, ముద్రణ చివర ఏం రావాలో చెప్పే ఎండ్ అప్పుడొచ్చినవే. ప్రింట్(*ఊళ్లు, సెప్=", ") అంటే నక్షత్రం గుర్తు లిస్టును విడి విలువలుగా విప్పుతుంది, అంకెలను ప్రింట్ తానే మార్చుకుంటుంది. తెరపై చూపడానికి ఇది చాలు. ఫలితాన్ని దాచుకోవాలంటే మళ్లీ జాయిన్ దగ్గరికే రావాలి.

పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ముగిసినా, దాని కాలపు నోట్సు ఇంకా చేతులు మారుతూనే ఉంది. కుండలీకరణాలు లేని పాత ప్రింట్ నయం, వెంటనే సింటాక్స్ ఎర్రర్ (రాత నియమం తప్పిందన్న సందేశం) వచ్చి తప్పు బయటపడుతుంది. ఫర్ లూప్‌లో కుండలీకరణాలు చేర్చి, చివరి కామాను అలాగే వదిలేసిన "ప్రింట్(ఊరు)," అనే వరుసతోనే అసలు ఇబ్బంది. పైథాన్ 3 దాన్ని టపుల్‌గా చదువుకుని, ఏ ఎర్రరూ చూపకుండా ఒక్కో ఊరిని ఒక్కో వరుసలో ముద్రిస్తుంది.