చిన్న కారే కదా అనుకుంటే

తమిళుల పెరటాసి నెల (సెప్టెంబరు–అక్టోబరు) వచ్చిందంటే చిత్తూరు–తిరుపతి రోడ్డు అంచున పసుపు బట్టలే. తమిళనాడు నుంచి మొక్కుకుని వచ్చేవాళ్ళు, మన పల్లెలవాళ్ళు ఎండ ముదరకముందే నడవాలని చీకట్లోనే బయలుదేరతారు. లారీ హారన్ వినబడితే గబగబా మట్టిలోకి దిగుతారు. వెనక వచ్చేది చిన్న కారైతే అంతగా పట్టించుకోరు. అలిపిరి నడకదారిలోనూ అంతే. జింకల పార్కు దాటాక భక్తులు కొంతదూరం దిగువ ఘాట్ రోడ్డు పక్కనే నడవాలి. ‘చిన్న బండే కదా’ అన్న ధీమా అక్కడా కనిపిస్తుంది.

ఆ ధీమా ఎప్పటిదో గానీ, చిన్న కారు మన రోడ్ల మీద విరివిగా కనబడడం మొదలైంది మాత్రం 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో. మరుసటి ఏడే మారుతి వ్యాన్ వచ్చింది. అదే మనందరికీ తెలిసిన ఓమ్ని. అంబాసిడర్ ముందు ఇవి తేలికే. అయినా మనిషి బరువుకు పది రెట్లు ఎక్కడికి పోతాయి? దెబ్బ ఎంతన్నది తేల్చేవి బండి వేగం, దాని మూతి ఆకారం.

ముందు బంపర్ మోకాలి దగ్గర తగులుతుంది. కాళ్ళు ఎగిరిపోయి, నడుం పైభాగం బానెట్ మీదకు ఒరుగుతుంది. ఆఖర్న తల. బానెట్ పొడవుగా ఉండి, దాని కింద ఇంజనుకు పైన కాస్త ఖాళీ ఉంటే రేకు సొట్టపడి దెబ్బలో కొంత తానే తీసుకుంటుంది. చిన్న కారు బానెట్ పొట్టిది. పెద్దవాళ్ళ తల దాన్ని దాటిపోయి అద్దం కింది అంచుకో, పక్కనున్న స్తంభానికో కొట్టుకుంటుంది. కారు ముందువైపు అంతకన్నా మొండి చోట్లు లేవు. ఓమ్నికి ఆ పొట్టి బానెట్ కూడా లేదు. చదునైన ముఖం నేరుగా ఛాతీకి, తలకు తగిలేది. అది 2019లో ఆగిపోయింది.

కార్ల భద్రతకు స్టార్లిచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 1997లో కార్లను గుద్ది చూడడం మొదలుపెట్టినప్పుడే పాదచారుల పరీక్షా పెట్టింది. యూరప్‌లో 2003లో దానికి చట్టం వచ్చింది. మన దగ్గర ఏఐఎస్-100 అనే పాదచారుల రక్షణ నిబంధన కొత్త మోడళ్ళకు 2018 అక్టోబరు నుంచి, పాత మోడళ్ళకు 2020 అక్టోబరు నుంచి అమలైంది. బంపర్ ముందు బిగించే ఇనుప గార్డులు కూడదని కేంద్రం 2017 డిసెంబరులోనే చెప్పింది. అయినా అవి ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి, పైగా షోకుగా. 2023లో వచ్చిన మన కార్ల భద్రతా పరీక్ష భారత్ ఎన్‌క్యాప్‌లోనూ స్టార్ల లెక్క లోపల కూర్చున్నవాళ్ళదే. మూడు, ఆపైన స్టార్లు కావాలంటే మాత్రం పాదచారుల నిబంధన పాటించి ఉండాలి.

2020కి ముందు కొన్న కార్లు ఇంకా ఏళ్ళ తరబడి తిరుగుతాయి. కొత్తవాటినైనా తల దెబ్బకు పరీక్షించేది గంటకు 35 కిలోమీటర్ల వేగంతో. నాలుగు వరసల హైవేల మీద కార్లకు కేంద్రం 2018లో ఇచ్చిన గరిష్ఠ వేగం 100.