రోడ్డు మీద దొరికిన దుప్పి ఎవరిది? అపోహలు – వాస్తవాలు

నల్లమల రోడ్ల మీద అటవీశాఖ ఉద్యోగం చేస్తూ ఒక మాట వినీ వినీ విసిగిపోయాను: "సార్, నేను చంపలేదు. లారీ గుద్ది పడేసింది, తెచ్చుకున్నాను."

అపోహ: చంపకపోతే కేసు ఉండదు.

వాస్తవం: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ చదవండి. చచ్చి కనిపించిన వన్యప్రాణి, పొరపాటున చంపినది, దాని మాంసం, కొమ్ములు అన్నీ ప్రభుత్వ ఆస్తే. చేతికొస్తే 48 గంటల్లో పోలీసులకో అటవీ అధికారికో తెలియజేయాలి. అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. "దొరికింది, తెచ్చుకుని ఉంచుకున్నాను" అన్నారంటే నేరం ఒప్పుకున్నట్టే.

ఇంత కఠినం ఎందుకంటే ఉచ్చు పెట్టినవాడూ లారీ పేరే చెబుతాడు. పోస్టుమార్టంలో విరిగిన పక్కటెముకలు, చర్మం కింద కమిలిన నెత్తురు వాహనం సంగతి చెబుతాయి. మెడ చుట్టూ సన్నని గీత ఉంటే అది తీగ పని. ముక్కలు కొట్టి సంచిలో వేశాక ఇవేవీ మిగలవు. నిజంగా ఏ పాపం తెలియనివాడు కూడా తన వైపున్న సాక్ష్యాన్ని తన కత్తితోనే నరికేసుకుంటున్నాడు.

ఒక కౌలు రైతు ఇంటికి వెళ్లేసరికి కూర పొయ్యి మీద ఉడుకుతోంది, పిల్లలు కంచాల ముందు కూర్చున్నారు. మసాలా పడ్డాక ఏ మాంసమో ఎవరూ చెప్పలేరని ఊళ్లో ఎవరో ధైర్యమిచ్చారట. ఉడికిన ముక్క డీఎన్ఏతోనూ హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ అది ఏ జంతువో తేల్చేస్తుంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ధైర్యమిచ్చిన పెద్దమనిషి మాత్రం ఆ చుట్టుపక్కల కనిపించలేదు.

మిగతావి క్లుప్తంగా. అడవి పందికి కేసు లేదనడం అబద్ధం; పంట కాపాడుకోవడానికి ఇచ్చే అనుమతి తినడానికి కాదు. నెమలి, ఉడుము ఈ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి, శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు. మాంసం మోసిన బండి కూడా పోతుంది.

గుద్దిన డ్రైవర్ల భయం వేరు: చెబితే తమనే లోపల వేస్తారని పారిపోతారు. అనుమానం మొదలయ్యేదే అక్కడ. ఒక సాయంత్రం దోర్నాల దారిలో ఒకాయన వణుకుతున్న గొంతుతో ఫోన్ చేశాడు. కారు లైట్లు వేసి, కొన ఊపిరితో ఉన్న దుప్పి దగ్గరికి ఎవరినీ రానివ్వకుండా పశువైద్యుడు వచ్చేదాకా నిలబడ్డాడు. వాంగ్మూలం రాసుకుని ఇంటికి పంపించాం. మీరూ అంతే చేయండి: బండి ఆపండి, జంతువును కదపకండి, 112కు ఫోన్ చేయండి.