ఇండోర్ అథ్లెటిక్స్: పైకప్పు కిందికి మనం ఎందుకింత ఆలస్యంగా వచ్చాం

2024 ఫిబ్రవరిలో టెహ్రాన్‌లో జరిగిన ఆసియా ఇండోర్ అథ్లెటిక్స్‌లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 60 మీటర్ల హర్డిల్స్‌ను (అడ్డంకుల మీదుగా దూకుతూ పరిగెత్తే పోటీ) 8.12 సెకన్లలో ముగించి, జాతీయ రికార్డుతో బంగారు పతకం గెలిచింది. అంతకుముందు ఏడాది అస్తానాలో 8.13తో వెండి. తిరుపతిలో పరుగు నేర్చుకునే పిల్లల్ని అడిగితే జ్యోతి పేరు టక్కున చెబుతారు గానీ, ఆ పోటీ 100 మీటర్లు కాకుండా 60 ఎందుకైందంటే చాలామంది చెప్పలేరు. వాళ్ల తప్పేం లేదు, అలాంటి ట్రాక్ ఒక్కటైనా వాళ్ల కంటపడితే కదా!

అసలు ఈ ఆట చలిదేశాల అవసరంలోంచి పుట్టింది. చలికాలంలో మైదానాలు మంచుతో నిండిపోతే అథ్లెట్లు నెలల తరబడి ఖాళీగా కూర్చోలేరు కదా, అందుకే భవనాల్లోకి వచ్చారు. 1868లో న్యూయార్క్ అథ్లెటిక్ క్లబ్ తన తొలి పోటీలను ఒక స్కేటింగ్ రింక్‌లో పెట్టింది. తర్వాత చెక్క పలకల ట్రాకులు వచ్చాయి. 1966లో డార్ట్‌మండ్‌లో యూరప్ ఇండోర్ క్రీడలు మొదలయ్యాయి. ప్రపంచ స్థాయికి చేరడానికి మాత్రం 1985 దాకా పట్టింది: పారిస్‌లో ప్రపంచ ఇండోర్ క్రీడలన్నారు, 1987లో ఇండియానాపోలిస్‌కి వచ్చేసరికి అవే ప్రపంచ ఛాంపియన్‌షిప్ అయ్యాయి. బయటి ప్రపంచ పోటీలతో ఒకే ఏడాది పడకుండా 2003లో బర్మింగ్‌హామ్‌లో, వెంటనే 2004లో బుడాపెస్ట్‌లో పెట్టి సరిసంఖ్య ఏళ్లకు మార్చుకున్నారు. కరోనా వల్ల 2020 నాంజింగ్ పోటీలు వాయిదా మీద వాయిదా పడి చివరికి 2025 మార్చిలో జరిగాయి.

ఇక హాల్లో చోటు తక్కువ, తేడాలన్నీ అందులోంచే వచ్చాయి. ట్రాక్ చుట్టుకొలత 400 కాదు, 200 మీటర్లు. తిన్నగా 100 మీటర్లు పరిగెత్తడానికి చోటుండదు, అందుకే 60 మీటర్ల పోటీ. వేగంగా తిరిగేవాళ్లు బయటికి కొట్టుకుపోకుండా మలుపుల్ని వాలుగా ఎత్తు చేస్తారు. అయినా లోపలి లేన్‌లో మలుపు మరీ ఇరుకు, ఏ లేన్ దొరికిందన్నదాన్ని బట్టే ఫలితం తేలిపోతోందని 200 మీటర్ల పరుగును 2004 తర్వాత ప్రపంచ పోటీల్లోంచి తీసేశారు. నా దృష్టిలో సరైన నిర్ణయం.

మనకు మంచు లేదు కాబట్టి ఇండోర్ అక్కర్లేదని దశాబ్దాలు గడిపేశాం. 2022లో బెల్‌గ్రేడ్‌లో లాంగ్‌జంప్‌లో మురళీ శ్రీశంకర్ 7వ స్థానం తెచ్చుకున్నాడు గానీ, 2025 నాంజింగ్ పోటీలతో కలిపి చూసినా అప్పటిదాకా ప్రపంచ ఇండోర్‌లో మనకు పతకం లేదు. ఈమధ్యే భువనేశ్వర్‌లో కళింగ స్టేడియం ఆవరణలో ఇండోర్ ట్రాక్ వచ్చింది. కానీ తిరుపతి, చిత్తూరు పిల్లలకి భువనేశ్వర్ ఎంత దూరం!

మంచు లేకపోతేనేం, మనకు ఈశాన్య రుతుపవనాలున్నాయి. నవంబరు, డిసెంబరుల్లో తుపాను పట్టిందంటే మట్టి ట్రాక్‌లో స్పైక్స్ (పరుగు బూట్ల అడుగున ఉండే మేకులు) దిగబడిపోతాయి, లాంగ్‌జంప్ గుంటలో ఇసుక ముద్దకట్టి, పైన నీళ్లు నిలుస్తాయి. సీజన్‌కి కాళ్లు సిద్ధం కావాల్సిన రోజులు అలా పోతాయి. ఏప్రిల్‌లో అయితే ఉదయం ఎనిమిది దాటితే ఎండకి నిలబడలేం.

దీనికి 200 మీటర్ల ఓవల్ కట్టమని నేననను, అది కోట్ల మాట. 60 మీటర్ల తిన్నని ట్రాక్ చాలు. స్టార్ట్ వెనక 3 మీటర్లు, ఫినిష్ తర్వాత ఆగడానికి 15 మీటర్లు, అంటే మొత్తం 80 మీటర్ల లోపే. ఒక్కో లేన్ 1.22 మీటర్లు, ఆరు లేన్లకు ఏడున్నర మీటర్ల వెడల్పు సరిపోతుంది. మన చిత్తూరు మామిడి మండీల్లో రేకుల షెడ్లు వేసినట్టే దీనికీ వేయొచ్చు. మహిళల 60 హర్డిల్స్‌లో ఐదు హర్డిల్స్ ఉంటాయి, మొదటిది 13 మీటర్ల దగ్గర, తర్వాత ఎనిమిదిన్నర మీటర్లకొకటి. 100 మీటర్ల హర్డిల్స్‌లో కూడా ఇవే కొలతలు. అంటే ఆ షెడ్డులో నేర్చుకున్న స్టార్ట్, మొదటి ఐదు హర్డిల్స్ బయటి ట్రాక్ మీద కూడా అలాగే పనికొస్తాయి. శాప్‌నో (రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ) యూనివర్సిటీనో స్థలం అడిగేటప్పుడు ‘ఇండోర్ స్టేడియం’ అని అడిగితే షటిల్ కోర్టులు కట్టేస్తారు. 80 మీటర్ల పొడవని కొలత రాసి మరీ అడగాలి.