పాట ఎందుకు టక్‌మని తెగుతుంది?

కంప్యూటర్‌లో పాట నడుస్తుంటుంది. వెనకాల ఏదో పెద్ద ఫైల్ అన్‌జిప్ అవుతుంటుంది. ఉన్నట్టుండి పాట టక్‌మని తెగి మళ్ళీ అందుకుంటుంది. ప్రాసెసర్ చాలట్లేదేమో అనుకుంటాం. నిజానికి ఒక పాటను వినిపించడం ఇప్పటి ప్రాసెసర్లకు ఏమంత పని కాదు. ఆ కాస్త పనీ వేళకు జరగాలి, అక్కడే ఉంది చిక్కంతా.

లెక్క చూడండి. కంప్యూటర్‌లో ధ్వని అంటే శాంపిళ్ళు అనే అంకెల వరస, అవి బఫర్ అనే తాత్కాలిక నిల్వలో చేరుతుంటాయి. సెకనుకు 48,000 శాంపిళ్ళ చొప్పున సౌండ్ కార్డు ఆ బఫర్‌ను ఖాళీ చేస్తూ పోతుంది. బఫర్‌లో 1,024 శాంపిళ్ళు ఉంటే అవి 21 మిల్లీసెకన్లకు సరిపోతాయి. ఆలోపు తర్వాతి విడత వచ్చి పడాలి. అర మిల్లీసెకను ఆలస్యమైనా బఫర్ వట్టిపోయి ధ్వని తరంగం మధ్యలో తెగుతుంది. వీడియోలో ఒక ఫ్రేమ్ ఎగిరిపోతే కన్ను సర్దుకుపోతుందేమో గానీ, చెవి మాత్రం పట్టేస్తుంది.

ఏ ప్రోగ్రామ్‌కు ప్రాసెసర్ ఎప్పుడు దొరకాలో తేల్చేది షెడ్యూలర్. మామూలుగా అది అందరికీ సమానంగా పంచాలని చూస్తుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రతి ప్రోగ్రామ్‌కూ ‘నైస్’ అనే విలువ -20 నుంచి 19 దాకా ఉంటుంది, తగ్గించేకొద్దీ వాటా పెరుగుతుంది. వాటా పెరిగినంత మాత్రాన వంతు వేళకు వస్తుందన్న హామీ లేదు. అందుకే వేళకు జరిగి తీరాల్సిన పనుల కోసం 1 నుంచి 99 వరకు రియల్‌టైమ్ ప్రాధాన్యాలు వేరే పెట్టారు. అలాంటి ప్రాధాన్యమున్న థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే ఒక పని) సిద్ధమైతే చాలు, మామూలువన్నీ పక్కకు తప్పుకోవాల్సిందే. అదే థ్రెడ్ ఏ బగ్ వల్లో లూప్‌లో పడి తిరుగుతూ ఉంటే? మౌస్ కూడా కదలకపోవచ్చు! ఆ భయంతోనే లినక్స్ రియల్‌టైమ్ పనులకు మామూలుగా సెకనులో 0.95 సెకనుకు మించి ఇవ్వదు.

విండోస్ విస్టాలో మైక్రోసాఫ్ట్ ఇంకో దారి పట్టింది. ఆడియో థ్రెడ్ల ప్రాధాన్యాన్ని తనే పెంచి, మిగతా పనులకు 20 శాతం ప్రాసెసర్ సమయం అట్టే ఉంచే సర్వీసును పెట్టింది. 2007లో జనానికి ఒక వింత కనబడింది: పాట పెడితే నెట్‌వర్క్‌లో ఫైల్ కాపీ నెమ్మదిస్తోంది! కారణాన్ని మైక్రోసాఫ్ట్‌కే చెందిన మార్క్ రస్సినోవిచ్ వివరించాడు. నెట్‌వర్క్ ప్యాకెట్లు (డేటా ముక్కలు) వచ్చినప్పుడు డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) చేసే పనికి ఏ థ్రెడ్ ప్రాధాన్యమూ అడ్డుపడదు, ఎంత పెద్ద రియల్‌టైమ్ థ్రెడ్డైనా ఆగి దారివ్వాలి. అందుకని పాట మోగుతున్నంతసేపూ మిల్లీసెకనుకు 10 ప్యాకెట్లే తీసుకోమని నెట్‌వర్క్‌కు కళ్ళెం వేశారు. గిగాబిట్ నెట్‌వర్క్ ఉన్నవాళ్ళకు అది బాగా తగిలింది. పాట తెగకూడదన్న ఉద్దేశం మంచిదే, కాకపోతే మందు మోతాదు మించింది.

టాస్క్ మేనేజర్‌లో ప్లేయర్‌ను ‘రియల్‌టైమ్’కు మార్చినా తేడా లేదని చాలామంది విసుక్కునేది కూడా ఇందుకే. తప్పు వైఫై డ్రైవర్‌దో గ్రాఫిక్స్ డ్రైవర్‌దో అయితే ప్లేయర్‌ను ఎంత పైకెక్కించినా లాభం ఉండదు. పైగా విస్టా నుంచి విండోస్‌లో శబ్దాలను కలిపే పని సాధారణంగా ‘ఆడియోడీజీ’ అనే వేరే ప్రాసెస్‌ది.

వినడం వరకే అయితే తేలికైన మార్గం బఫర్ పెంచుకోవడం. పాట 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా మొదలైతే ఎవరికి పట్టింది? గిటార్‌ను కంప్యూటర్‌కు తగిలించి వాయించేవాళ్ళకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. తీగ మీటాక అంత ఆలస్యంగా వినబడితే తాళం తప్పుతుంది. వాళ్ళు 128 శాంపిళ్ళ బఫర్‌తో, అంటే 2.7 మిల్లీసెకన్ల గడువుతో నెట్టుకురావాలి. రియల్‌టైమ్ ప్రాధాన్యం నిజంగా అక్కరకొచ్చేది వాళ్ళకే.